తల్లి చేతి వంట: పాలమూరు, నల్లగొండ మెట్టసీమ తిండి చరిత్ర

ఎక్కువ భాగం కృష్ణకు ఉత్తరాన, హైదరాబాదుకు దక్షిణాన పరుచుకున్న మెట్టసీమ పాలమూరు, నల్లగొండ. 2016లో పాలమూరు నుంచి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, ఆపైన నారాయణపేట, నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరే జిల్లాలయ్యాయి. అయినా పొయ్యి మీదికి ఎక్కే తిండిని బట్టి చూస్తే ఇదంతా ఒకే సీమ. ఎర్ర చెల్కలు, దుబ్బనేలలు, అక్కడక్కడా నల్లరేగడి. ఏడాదికి దాదాపు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన, అదీ ఒక ఏడు పడితే ఒక ఏడు మొహం చాటేసే వాన. కృష్ణ, తుంగభద్ర పక్కనే పారుతున్నా నీళ్లు కింద, పొలాలు మీద. తల్లి ఆ పూట ఏం వండాలన్నది శతాబ్దాలుగా ఈ నేలే తేల్చింది.

చెరువు ఉన్న ఊళ్లో దాని కింద కొద్దిపాటి వరి పండేది. కందూరు చోడుల కాలం నాటి పానగల్లు ఉదయసముద్రం, సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు, వాటి దగ్గరి శాసనాలు ఆ వ్యవసాయానికి సాక్ష్యాలు. చెరువు కింది మడిని దేవుడి నైవేద్యానికీ, బ్రాహ్మణులకూ దానమివ్వడం ఆ కాలపు శాసనాల్లో మాటిమాటికీ కనిపిస్తుంది. ఆ తర్వాతి కాలంలోనూ వరి గుడికి, గడికి, పన్నుకు పోయే పంటగానే ఉండిపోయింది. పండించినవాళ్లు తినడానికి మిగిలినవి చెల్కలో పండే జొన్న, సజ్జ, కొర్ర, వాటి సాళ్ల మధ్య వేసే కంది, పెసర, అనుము, ఉలవ. ఈ సీమలో తల్లుల వంట ఈ మెట్ట గింజల చుట్టూనే పెరిగింది.

తెలుగువాళ్ల తిండిని చరిత్రగా రాయవచ్చని చూపినవాడు ఈ నేల మీద పుట్టినవాడే కావడం విశేషం. గద్వాల ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడారు అని ఆరా తీసింది. కావ్యాల్లో దాగిన వంటల పేర్లను ఆయన ఏరి కూర్చారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి పురస్కారం ఆ పుస్తకానికే దక్కింది. ఆయన వాడుకున్న కావ్యాల్లో ‘క్రీడాభిరామం’ ఒకటి. ఓరుగల్లు పూటకూళ్ల ఇంట్లో డబ్బిస్తే సన్నన్నం, గోధుమ పిండివంట దొరికేవని అది చెబుతుంది. శ్రీనాథుడి పేర వాడుకలో ఉన్న చాటువులైతే నల్లగొండకు కృష్ణ అవతలి ఒడ్డునే ఉన్న పల్నాటిలో జొన్నకూడు తప్ప మరోటి దొరకదని వాపోతాయి. రాజధానిలో వరి, మెట్టలో జొన్న అన్న విభజన అప్పటికే గట్టిపడిందన్నమాట. అన్నం తినేవాడు జొన్న తినేవాణ్ని చిన్నచూపు చూడటం కూడా అంత పాతదే. ఆ చూపు వల్లనే ఈ సీమ వంటలు పుస్తకాల్లోకి ఎక్కడం చాలా ఆలస్యమైంది.

ఈరోజు ఈ సీమ రుచి అనుకునే వాటిలో కొన్ని అంత పాతవి కావు. ఎండుమిరప, పల్లి, టమాట అమెరికా ఖండాల పంటలు. మిరప పోర్చుగీసు ఓడల మీద వచ్చి 16వ శతాబ్దం తర్వాతే దక్కనులో పాతుకుంది. అంతకుముందు కారానికి మిరియాలు, అల్లం ఉండేవి. పల్లి వాణిజ్య పంటగా ఇంకా ఆలస్యంగా విస్తరించింది. వనపర్తి, గద్వాల, అచ్చంపేట ప్రాంతాల చెల్కలు ఇరవయ్యో శతాబ్దంలో పల్లి పొలాలుగా మారాయి. దాంతో పచ్చిపులుసులో, పొడుల్లో నువ్వుల సరసన పల్లి చేరింది. చింతపండు, నువ్వులు, ఉలవ, కంది మాత్రం ఎప్పటినుంచో ఉన్నవే.

జొన్న తినాలంటే ముందు దాన్ని లొంగదీయాలి. గింజను నీళ్లతో తడిపి రోట్లో దంచితే పై పొట్టు ఊడుతుంది. చాటతో చెరిగి, ఇసుర్రాయిలో బరకగా విసిరి, జల్లెడ పడితే పైన రవ్వ, కింద పిండి. మసిలే ఎసట్లో రవ్వ పోసి కట్టెతో కలుపుతూ ఉడికిస్తే గటక. పొట్టు తీసిన గింజను అలాగే ఉడికిస్తే జొన్నన్నం. పిండిని రాత్రి కలినీళ్లలో నానబెట్టి, పులిసిన తర్వాత పొద్దున్నే కాస్తే అంబలి. ఒకే గింజ ఇలా మూడు పూటలకు మూడు రూపాలయ్యేది. పొద్దున అంబలి, ఉప్పు, ఉల్లిగడ్డ. చేనుకాడికి సద్ది. రాత్రి వేడి గటక, పప్పు లేదా పులుసు. రోజులో పొయ్యి గట్టిగా మండేది రాత్రిపూటే. పగలంతా చేనులో ఉండే స్త్రీకి మరోసారి వండే తీరిక ఎక్కడిది? అంబలి పులియడం రుచి కోసం అనుకుంటారు గాని, పొద్దుటి పనిని తేలిక చేసే ఉపాయం కూడా అదే. పైగా పులిసిన తిండి ఎండాకాలంలో కడుపులో చల్లగా నిలుస్తుంది, త్వరగా అరుగుతుంది.

రొట్టెది మరో విద్య. గోధుమపిండిలా సాగే బంక జొన్నపిండికి లేదు. చన్నీళ్లతో కలిపితే ముద్ద పగిలిపోతుంది. అందుకే మసిలే నీళ్లు పోస్తారు. ఆ వేడికి పిండిలోని గంజి కొంత ఉడికి ముద్దను పట్టి ఉంచుతుంది. ముద్దను అరచేత్తో బాగా మెదిపి, పీట మీద పిండి చల్లి, తడుతూ తిప్పుతూ పెద్దది చేస్తారు. పెంక మీద వేసి పైభాగాన తడిగుడ్డతో నీళ్లు అద్దుతారు. తడి ఆరగానే తిరగేసి, చివరికి పెంక దించి నిప్పుల మీద నిలబెడితే రొట్టె పొంగుతుంది. కర్రతో ఒత్తే రొట్టె కాదిది, చప్పుడు విని నేర్చుకునే రొట్టె. తట్టే చేతికి ముద్ద ఎక్కడ మందంగా ఉందో తెలియాలి. ఈ విద్య ఏ కొలతలోనూ రాయలేనిది కాబట్టే తల్లి పక్కన కూర్చుని చూసిన పిల్లకే పట్టుబడేది. నారాయణపేట, మక్తల్, గద్వాల వైపు, అంటే కన్నడ సీమను ఆనుకున్న ఊళ్లలో, రొట్టెకు ఉన్న చోటు ఇంకా పెద్దది. చలికాలంలో నువ్వులద్దిన సజ్జరొట్టెలు అక్కడి పండుగ తిండి. కరకరలాడేలా కాల్చి ఎండబెట్టిన రొట్టె రోజుల తరబడి చెడదు. ప్రయాణాలకు, వలసలకు అదే మూట.

ఏడాది గింజను దాచడం కూడా వంటలో భాగమే. జొన్నను నేలలో తవ్విన పాతరల్లో పోసి మూసేవారు. ఇంట్లో వెదురు గుమ్ములు, పేడతో అలికిన గాదెలు ఉండేవి. కొలత సోల, తవ్వ, మానిక, కుంచం. ఏ నెల ఎన్ని మానికలు తీయాలో, వాన ఆలస్యమైతే ఎప్పటినుంచి గటకను పలచన చేయాలో ఇంటి పెద్ద ఆడమనిషి లెక్కపెట్టుకునేది. వంటల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా మసాలాల దగ్గర ఆగుతారు. ఈ సీమలో అసలు నైపుణ్యం ఈ లెక్కలో ఉంది.

గటక చప్పిడి తిండి. దాన్ని గొంతు దింపడానికి పులుపు, కారం కావాలి. అందుకే ఈ సీమ వంటలో పులుసు, తొక్కు, పొడి అంత ముఖ్యమయ్యాయి. పచ్చిపులుసును పొయ్యి మీద మరిగించనక్కరలేదు. చింతపండు పిసికిన నీళ్లలో నిప్పుల మీద కాల్చిన మిరపకాయలు, ఉల్లిగడ్డ, ఉప్పు నలిపి, వేయించిన నువ్వుల పొడో పల్లీల పొడో కలిపితే అయిపోయింది. కట్టెలు, నూనె, సమయం మూడూ మిగిలే వంట అది. చలికాలంలో చింతకాయ లేతగా ఉన్నప్పుడే ఉప్పు, పసుపు వేసి రోట్లో దంచి, పీచు, గింజ తీసేసి జాడీలో పెడితే ఏడాదంతా చింతకాయ తొక్కు. కావలసినప్పుడు కొంచెం తీసి పచ్చిమిరపకాయలతో మళ్లీ నూరుకోవాలి. నూనె దొరకడం కష్టమైన ఇళ్లలో పుట్టిన నిల్వ పద్ధతి ఇది. నూనెలో తేలే ఆవకాయ ఈ ఇళ్లకు తర్వాత వచ్చింది. ఎండాకాలం కోసం వంకాయ, చిక్కుడు, టమాట వంటివి కోసి ఎండబెట్టిన ఒరుగులు ఉండేవి. కూర దొరకని రోజుల్లో వాటిని నానబెట్టి పులుసు పెట్టేవారు.

ఆకుకూరలను కొనడమన్న మాటే లేదు. కలుపు తీసేటప్పుడే తుమ్మికూర, చెంచలికూర, గంగవాయిలికూర ఒడిలో పడేవి. పుంటికూర చేని అంచున పెరిగేది. చైత్రంలో చింతచిగురు కోసి పప్పులో వేసేవారు, మిగిలింది ఎండబెట్టి దాచేవారు. పప్పుగింజలను పచ్చివిగానో నానబెట్టో ఉడికించి, ఉప్పు, కారం వేసి తినే గుడాలు పిల్లలకు చిరుతిండి, పెద్దలకు ఒక్కోసారి భోజనం. చలికాలం మొదలవగానే వచ్చే అనపకాయల గింజలతో చేసే కూర, గుడాలు పాలమూరు ఇళ్లలో ఇప్పటికీ ఎదురుచూసే వంట. జొన్నకు పప్పు తోడవడం నోటికే కాదు, ఒంటికీ అవసరమే. ఆ సంగతి ఈ సీమ ఒక జబ్బు రూపంలో నేర్చుకుంది.

1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, అంటే నేటి జాతీయ పోషకాహార సంస్థ, దక్కను పేదల్లో పెల్లాగ్రా అనే పోషకలోప వ్యాధిని గమనించింది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చలించడం దాని లక్షణాలు. జొన్నే దాదాపు పూర్తి తిండి అయిన వాళ్లలో ఇది కనిపించింది. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియ 1960లో లాన్సెట్‌లో రాస్తూ, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చన్నారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత వాదాలు నడిచాయి. కానీ పప్పు, పాలు, కూర కరువైన ఇంట్లో వట్టి జొన్న మనిషిని కాపాడలేదన్నది స్థిరపడింది. పాత తిండి అంతా ఆరోగ్యమే అని ఇప్పుడు వినిపించే మాటను ఈ ఆధారం ముందు పెట్టి చూడాలి. తల్లుల వంట గొప్పది, ఆ వంటకు సరుకు అందనప్పుడు ఆ గొప్పతనం ఎవరినీ బతికించలేదు. నల్లగొండలో నీళ్లు కూడా అలాంటి పరీక్షే పెట్టాయి. మునుగోడు, మర్రిగూడ వైపు బావుల్లోని ఫ్లోరైడు తాగే నీటితోపాటు వండిన తిండిలోంచి కూడా ఎముకలకు చేరింది. పటిక, సున్నంతో దాన్ని తొలగించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించి ఆ జిల్లా పేరే పెట్టింది: నల్గొండ టెక్నిక్.

అన్ని ఇళ్ల పొయ్యిలూ ఒకటి కావు. గడిలో దొరకు సన్నబియ్యం ఉడికేది. ఆ వడ్లు దంచింది మాత్రం వెట్టికి పిలిపించిన ఆడవాళ్లు. మాదిగ, మాల వాడల్లో పెద్దకూర, దాన్ని ఎండబెట్టిన తునకలు ముఖ్యమైన బలం. గొల్ల, కుర్మ ఇళ్లలో మేక, గొర్రె మాంసంతో పాటు తలకాయ, బోటి ఏదీ పారేయని వంట ఉంది. ముస్లిం ఇళ్ల నుంచి వచ్చిన బగారన్నం, దాల్చా, కిచిడి ఊరి పెళ్లిళ్ల ద్వారా అందరివీ అయ్యాయి. ఇప్పుడు ఈ జిల్లాల్లో ఏ కులం దావతైనా బగారన్నం లేకుండా జరగడం అరుదు. నల్లమల అంచున అమ్రాబాద్ పీఠభూమి చెంచులది మరో వంట. 1940లో అక్కడ తిరిగిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్-హైమెండార్ఫ్ తన ‘ది చెంచూస్’ (1943) పుస్తకంలో అడవి గడ్డలు, పండ్లు, తేనె ప్రధానంగా సాగే వారి జీవితాన్ని వివరంగా నమోదు చేశాడు. చింతపండు పులుపు విరగడానికి బూడిద కలుపుకొని తినడం చెంచుల పాత అలవాటు.

అన్నం ఎవరిదన్న ప్రశ్న 1940లలో నల్లగొండలో తుపాకుల దాకా వెళ్లింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నిజాం ప్రభుత్వం లెవీ గల్లా పేర రైతు ఇంటి నుంచి గింజ వసూలు చేసింది. పెద్ద దేశ్‌ముఖ్‌లు తప్పించుకోగా చిన్న రైతుల గుమ్ములు ఖాళీ అయ్యాయి. అప్పట్లో నల్లగొండ జిల్లాలో భాగమైన జనగామ తాలూకాలో, పాలకుర్తి చాకలి ఐలమ్మ కౌలు పొలంలో కోసిన పంటను విసునూరు దొర మనుషులు ఎత్తుకుపోకుండా సంగం (ఆంధ్రమహాసభ) కార్యకర్తలు ఆమె ఇంటికి చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య చనిపోయాక పోరాటం సాయుధమైంది. మల్లు స్వరాజ్యం పదకొండేళ్ల వయసులోనే ఆంధ్రమహాసభ మాట విని వెట్టి చేసేవాళ్లకు తన ఇంటి బియ్యం పంచిపెట్టారు. దళాలకు రాత్రుళ్లు అంబలి, గటక, రొట్టె చేరవేసింది ఊరి ఆడవాళ్లే. స్త్రీశక్తి సంఘటన సేకరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ స్త్రీల జ్ఞాపకాలు ఉన్నాయి. పోరాట చరిత్రలో వండిపెట్టిన చేతుల పేర్లు పెద్దగా కనిపించవు, అది ఆ చరిత్రలో ఇంకా పూడని వెలితి.

రోజూ దొరకని అన్నం పండుగకు దొరికేది. అందుకే ఈ సీమ పండుగ వంటల్లో ఎక్కువ భాగం బియ్యంతో చేసేవే. బోనం అంటే పాలు, బెల్లంతో వండిన అన్నపు కుండ. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు ఒక్కో రోజు నైవేద్యం, చివరి రోజు సద్దులు: పెరుగన్నం, చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది. అయితే చెల్క గింజ కూడా పక్కన తన చోటు నిలుపుకుంది. తొలి ఏకాదశికి జొన్నపేలాలు విసిరి బెల్లం కలిపిన పేలపిండి తింటారు. రొట్టెను నలిపి బెల్లం పట్టించిన మలీద ముద్దలు బతుకమ్మకూ ఉన్నాయి, పీర్ల పండుగకూ ఉన్నాయి. ఒకే తీపి రెండు మతాల పండుగలకు నైవేద్యమవడం ఈ ఊళ్ల పొరుగు జీవితానికి మంచి సాక్ష్యం. ఉగాదికి పోలెలు, కొందరి ఇళ్లలో భక్ష్యాలంటారు. సంక్రాంతికి నల్లగొండ వైపు సకినాలు. కొత్తబియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద చేత్తో చుట్లు తిప్పే సకినం ఒక్కరితో అయ్యే పని కాదు. వాడకట్టు ఆడవాళ్లంతా ఒక ఇంట్లో కూర్చుని చుట్టి, మరునాడు మరో ఇంటికి వెళ్లేవారు. చిన్నపిల్ల చేతికి వంట అబ్బేది ఇలాంటి కూడికల్లోనే. సర్వపిండి కూడా ఈ వరుసలోదే. పిండిలో నానిన శెనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఎల్లిగడ్డ కలిపి గుండ్రటి గిన్నె లోపలివైపు ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి నూనె పోసి, సన్నని సెగ మీద మూతపెడతారు. గిన్నప్ప, తపాలచెక్క అనేవి దానికి ఊరూరా ఉన్న ఇతర పేర్లు.

తల్లిగారి ఇంటితో ఆడపిల్లకుండే బంధం ఈ సీమలో బియ్యంతోనే ముడిపడింది. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, వక్కలు, కొత్తబట్టలతో కూతురి ఒడి నింపి పంపే ఒడిబియ్యం ఆచారం ఇప్పటికీ గట్టిగా ఉంది. ఆమె అత్తగారింట్లో వాటిని వండి దేవుడికి పెట్టి, చుట్టాలను, వాడకట్టును పిలిచి వడ్డిస్తుంది. జొన్న పండే ఇంటి తల్లి కూడా ఒడిలో పోసింది బియ్యమే. కాన్పు తర్వాత శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము, బెల్లంతో చేసే కాయం కూడా తల్లి ఇంటి నుంచి వచ్చేదే.

మార్పు గిర్నితో మొదలైంది. ఇరవయ్యో శతాబ్దం నడిమి నుంచి ఊళ్లలోకి వచ్చిన పిండి గిర్ని తెల్లవారుజామున ఇసుర్రాయి తిప్పే శ్రమను తీసేసింది. రుచి పోయిందని పెద్దలు అన్నా, నడుములు నిలిచాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వరి సీమలయ్యాయి, మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరైంది. పాలమూరుకు ఆ నీళ్లు రాలేదు. ఆ జిల్లా మనుషులు దేశమంతా తిరిగి ఆనకట్టలు, కాలువలు కట్టే కూలీలయ్యారు. తల్లిదండ్రులు వలసపోతే పిల్లలు అవ్వల దగ్గర పెరిగారు. పాలమూరులో చాలామందికి చిన్ననాటి వంట అంటే అవ్వ వంటే.

1975లో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాలకు ఎంచుకున్న ఊళ్లలో రెండు పాలమూరు జిల్లావే: ఔరేపల్లి, దోకూరు. అప్పుడు ఔరేపల్లి చెల్కల్లో జొన్న, ఆముదం ప్రధానం. తర్వాతి దశాబ్దాల్లో జొన్న వెనక్కి పోయి పత్తి ముందుకు వచ్చిన తీరు ఆ జిల్లా అంతటా కనిపిస్తుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం రావడం దీనికి పెద్ద కారణం. దంచి, విసిరి, తట్టాల్సిన గింజ ఇంట్లో ఉండగా, కడిగి ఎసట్లో పోస్తే సరిపోయే బియ్యం అంత చవకగా దొరికితే ఏ తల్లి ఏది ఎంచుకుంటుంది? పండుగ తిండి అలా ప్రతి పూట తిండి అయింది. జొన్నతో పాటు సాళ్ల మధ్య పండే అనుములు, పెసర్లు, అంచున పెరిగే పుంటికూర కూడా చేనులోంచి పోయి అంగడికి చేరాయి. ఒక గింజ పోతే దాని వెంట ఇన్ని కూరలు పోతాయని అప్పట్లో ఏ ప్రణాళికా లెక్క కట్టలేదు.

2025 మార్చి 30న, ఉగాది నాడు, రేషన్ కార్డుల మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇచ్చే పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం హుజూర్‌నగర్‌లోనే ప్రారంభించింది. ఒకప్పుడు గడిలో ఉడికిన బియ్యం ఇలా పేదింటి పొయ్యి మీదికి వచ్చింది. జొన్నరొట్టె ఇప్పుడు పట్నం వీధుల్లో సాయంత్రాలు పొయ్యి పెట్టుకుని కాల్చి అమ్మే స్త్రీలకు ఆదాయం. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు, రొట్టె తట్టడం రాని కొత్త తరం వాళ్లు రాత్రి భోజనానికి అక్కడే కొనుక్కుంటున్నారు. అమ్మేవాళ్లలో చాలామంది పల్లె నుంచి పట్నానికి వచ్చినవాళ్లు, తల్లి దగ్గర రొట్టె తట్టడం నేర్చుకున్నవాళ్లు.